ఎలుకలు పాటించిన గ్రహణం

సన్యాసిరాజు గారి నడినెత్తిన జుట్టు మొలవడం ఆటోనగర్‌లో పెద్ద వార్త అయింది. ఆయన అక్కడ ఒక మందుల కంపెనీకి మేనేజరు. నలభై నిండకముందే తల మీది వెంట్రుకలు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. కంపెనీ వాళ్లు జుట్టు రాలకుండా ఒక క్యాప్సూల్ తయారు చేస్తే, అది మార్కెట్లోకి రాకముందే మొదటి డబ్బా తెచ్చుకుని ఆయనే మింగాడు. 1999 వేసవి దాటేసరికి నెత్తి మీద నల్లటి నూగు కనబడింది. ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆఫీసుకి ఎవరొచ్చినా టీ కంటే ముందు తల వంచి చూపించేవాడు. వచ్చినవాళ్లు మొహమాటానికి తాకి చూసి, అవునండీ మెత్తగా ఉందండీ అనేవారు.

అసిరమ్మ మాత్రం తాకలేదు. మీ తల సంగతి సరేనండీ, కడుపులో బిడ్డల సంగతి తేలాలి కదా అంది. ఆయన నవ్వాడు. మగవాళ్లు మింగే మందుకీ కడుపుతో ఉన్నవాళ్లకీ ఏం సంబంధం అన్నాడు. ఆ సంబంధం తేల్చడమే అసిరమ్మ పని.

బీచ్ రోడ్డు పక్కన ఒక కాలేజీలో ఆమె మందుల మీద పరిశోధన చేస్తోంది. పల్లెలో అసిరితల్లికి మొక్కుకుంటే పుట్టిందని తండ్రి ఆ పేరు పెట్టాడు. కాలేజీలో చేరిన కొత్తలో, పేరు కొంచెం నాజూగ్గా మార్చుకోమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకి రెండోసారి నోరు పెగలలేదు. ముప్ఫై దగ్గర పడుతున్నా పెళ్లెప్పుడు అని అడిగినవాళ్లకి కూడా అదే గతి పట్టింది.

ఆ మందు పని చేసే తీరు చెప్పుకుంటే పెద్ద కష్టమేమీ కాదు. మగవాడి ఒంట్లో ఉండే ఒక హార్మోనును ఇంకా ఘాటైన హార్మోనుగా మార్చే ఎంజైము ఒకటి ఉంది. ఆ ఘాటైనదే కొందరి నడినెత్తిన వెంట్రుకల కుదుళ్లను ఎండగడుతుంది. క్యాప్సూల్‌లోని మందు ఆ ఎంజైమును కట్టిపడేస్తుంది, దాంతో జుట్టు బతుకుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కడుపులో ఉన్న మగబిడ్డకు మగ అవయవాన్ని సరిగ్గా తీర్చిదిద్దేది కూడా ఆ ఘాటైన హార్మోనే. తల్లి ఒంట్లోకి ఈ మందు చేరితే ఆ పని మధ్యలో ఆగిపోవచ్చు. మింగక్కర్లేదు, పొడి చేతులకి అంటినా, ఊపిరిలో పోయినా చాలేమోనని అసిరమ్మ భయం. ఇలాంటి మందుల మీద విదేశాల్లో అప్పటికే హెచ్చరికలు వచ్చాయి. మా మందు వేరు, దాని చుట్టం మాత్రమే, ఆ హెచ్చరిక మాకు అంటగట్టొద్దు అని కంపెనీ వాదన. సరే, ఎలుకల మీద తేల్చండి అని మందుల మంచిచెడ్డలు చూసే కమిటీ ఆ పని కాలేజీకి అప్పగించింది.

పుట్టిన ఎలుకపిల్ల మగదో ఆడదో తెలియాలంటే తోక కింద రెండు రంధ్రాల మధ్య దూరం కొలవాలి. మగపిల్లకు ఆ దూరం ఎక్కువ, ఆడపిల్లకు తక్కువ. మొదటి విడతలో మందు పోసిన తల్లులకు పుట్టిన మగపిల్లల్ని భూతద్దం కింద పెడితే ఆడపిల్లలకీ వాటికీ తేడా దొరకలేదు. పెరిగాక చూస్తే మూత్రం వచ్చే రంధ్రం ఉండాల్సిన చోట లేదు. అసిరమ్మ అనుమానం నిజమైంది. కానీ ఒక్క విడత చాలదు, మళ్లీ చేసి చూపించండి అంది కంపెనీ. అందులో అన్యాయమేమీ లేదు. ఆమె గైడు రమణమూర్తి గారు కూడా అదే మాట అన్నారు.

ఈ వ్యవహారం ఎలుకలతో ఆగి ఉంటే అసిరమ్మ ఇంత రంధి పడేది కాదు. వన్ టౌన్‌లో ఆమె అద్దెకుండే మేడగది కింది వాటాలో దేవి అనే అమ్మాయి ఉండేది. పుట్టిల్లు యారాడ. మొగుడు దాలయ్య ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పనికి పోయేవాడు. దేవి ఆ కంపెనీ షెడ్డులోనే క్యాప్సూళ్లు నింపేది. అక్కడ యంత్రం లేదు. చిల్లుల పళ్లెంలో ఖాళీ క్యాప్సూళ్లు నిలబెట్టి, పైన పొడి పోసి, అట్టముక్కతో అటూ ఇటూ తోస్తే నిండుతాయి. ఇరవైమంది దాకా ఆడవాళ్లు రోజంతా అదే పని. సాయంత్రం దేవి ఇంటికొచ్చేసరికి మోచేతుల దాకా తెల్లగా ఉండేది. జులై ఆఖర్న ఒకరోజు మెట్ల మీద ఎదురై, నెల తప్పిందప్పా అని సిగ్గుపడుతూ చెప్పింది. అక్కని అప్ప అనడం ఆ వైపు అలవాటు.

అసిరమ్మ సంతోషపడే లోపలే భయపడింది. మొదటి విడత పిల్లలు కళ్లముందు కదిలాయి. రెండో విడత తేలేదాకా షెడ్డు గుమ్మం తొక్కొద్దని గట్టిగా చెప్పింది. దేవికి పెళ్లయి నాలుగేళ్లు, ఇదే మొదటి కడుపు. మారు మాట్లాడకుండా ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి యారాడలో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది.

రెండో విడతకి ఎలుకల్ని జతకట్టించడం కూడా అప్పుడే అయింది. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మందు పోసేవాళ్లు కొలవకూడదు, కొలిచేవాళ్లు మందు పోయకూడదు. ఏ బోనుకి మందు పడిందో, ఏ బోనుకి మందు కలపని ఉత్త నూనె పడిందో కొలిచేవాళ్లకి తెలిస్తే కన్ను మోసం చేస్తుంది. అందుకని రోజూ పొద్దున్నే సన్నటి గొట్టంతో తల్లుల గొంతులో మందు దించే పని ఉమామహేష్‌ది. కొలిచేది అసిరమ్మ. ఉమామహేష్ ఆమెతోపాటే పరిశోధనకి చేరాడు. మనిషి మంచివాడు, పనిమంతుడు. దానికి తోడు ఒక సైన్సు సంఘంలో ముఖ్యుడు. ఆదివారం వస్తే పేటల్లో దయ్యాలు లేవనీ, దిష్టి లేదనీ ఉపన్యాసాలు చెప్పి వచ్చేవాడు.

ఆగస్టు పదకొండున సూర్యగ్రహణం వచ్చింది. ఆ ఏడాది అది సాయంత్రం పట్టి, విడవకుండానే సూర్యుడు అస్తమించే గ్రహణం. ఊరంతా తలుపులు బిడాయించుకుంటే, ఉమామహేష్ బృందం బీచ్ రోడ్డు మీద షామియానా వేసింది. స్టీలుప్లాంటులో పనిచేసే మిత్రులు వెల్డింగు అద్దాలు సంచుల్లో పట్టుకొచ్చారు. గ్రహణం పట్టిన వేళకి ఉమామహేష్ అందరి ముందూ నిలబడి ఇడ్లీలు తిన్నాడు. ఒకటి కాదు, ప్లేటంతా తిన్నాడు. పేపరు వాళ్లు ఫొటో తీశారు. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణంలో కదిలితే బిడ్డకి మొర్రి వస్తుందనేది ఉత్త భయమని మైకులో చెప్పాడు. అసిరమ్మ కూడా జనంలో నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ నెల మూడో వారంలో ఎలుకలు ఈనాయి. అసిరమ్మ ఒక్కో పిల్లనీ అరచేతిలో పెట్టుకుని కొలుస్తూ పోయింది. మగవి మగవాటిలాగే ఉన్నాయి, ఆడవి ఆడవాటిలాగే ఉన్నాయి. అంతా కొలిచాక రమణమూర్తి గారి గదిలో బోన్ల అంకెలు విప్పి చూశారు. మందు పడిన తల్లుల పిల్లల్లో కూడా వంక లేదు. ఒక్క రెండు తల్లుల పిల్లలు మాత్రం మొదటి విడతలాగే తేడాగా పుట్టాయి. ఆ రెండూ మిగతావాటికంటే నాలుగు రోజులు ఆలస్యంగా జతకట్టినవి, ఆలస్యంగానే ఈనాయి.

కబురు తెలిసి సన్యాసిరాజు గారు కాలేజీకి స్వీట్లు తెచ్చాడు. మొదటి విడతలో పొరపాటేదో జరిగింది, రెండోదే నిజం అన్నాడు. రెండు ఎలుకల కోసం కంపెనీ ఆపుకుని కూర్చోలేం కదండీ అని కూడా అన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. చేతిలో రెండు ఫలితాలుంటే తనకి నచ్చినదాన్ని నమ్మాడు, అంతే. కమిటీ కూర్చుని ప్రమాదం లేదని రాసిచ్చేస్తే షెడ్డులో పని రెట్టింపు చేయాలని కంపెనీ ఆలోచన. రమణమూర్తి గారు పేచీ పెట్టలేదు. రెండు విడతలు ఎందుకు కలవలేదో చెప్పగలిగితే చెప్పమ్మా, లేకపోతే రెండోది కూడా ఉన్నదున్నట్టు రాయాల్సిందే అన్నారు. అసిరమ్మ లెక్కలన్నీ మళ్లీ తిరగేసింది. అవే ఎలుకలు, అదే పొడి, అదే మోతాదు. పొడి పాడైందేమోనని పరీక్ష చేయిస్తే అది నిక్షేపంగా ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక తలనొప్పి పట్టుకుంది.

అంతలో దేవి యారాడ నుంచి వచ్చేసింది. కంపెనీ సూపర్‌వైజరు ఇంటికి కబురంపాడు. పరీక్షలు బాగానే వచ్చాయి, సోమవారం నుంచి రాకపోతే ఆ చోట్లో వేరే మనిషిని పెట్టుకుంటామన్నాడు. దేవి మేడ ఎక్కి వచ్చి గుమ్మంలోనే కూర్చుంది.

“ఎల్లమంటావా అప్పా? నువ్వు సెప్పినట్టే సేత్తాను.”

అసిరమ్మ చేత్తో కొలిచిన కొలతలే వెళ్లొచ్చని చెబుతున్నాయి. వద్దనడానికి ఆధారం రెండే రెండు తల్లి ఎలుకలు. తన మాట తప్పయితే ఈ పిల్ల పని పోతుంది. తన మాట ఒప్పయి వెళ్లనిస్తే పోయేది పనితో సరిపోదు.

“ఎల్లొద్దు” అంది.

దేవి సరేనంది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే అసిరమ్మకి కొంచెం తేలిగ్గా ఉండేది. మాట మార్చడానికి దేవి తల్లిగారింటి కబుర్లు మొదలుపెట్టింది. గ్రహణం రోజున తల్లి గంగాలమ్మ తనని పెట్టిన బాధ అంతా ఇంతా కాదట. తెల్లారింది మొదలు పచ్చి మంచినీళ్లు ముట్టనివ్వలేదట. సాయంత్రం చీకటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు కదపొద్దని పక్కన కాపలా కూర్చుందట.

“పోనీ అక్కడితో అయిపోనాదా? గ్రహణం పట్టుండగానే సూర్యుడు మునిగిపోనాడు కదా. మల్లీ సుద్దమైన సూర్యుణ్ణి సూస్తే గాని నోట్లో ఏటీ ఎట్టకూడదంట. మర్నాడు సూస్తే మబ్బు. మద్దినేల దాకా సూర్యుడు రాడు, మా యమ్మ కూడెట్టదు. నాను ఏడిసీసినాను.”

అసిరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. గ్రహణం రోజు, మర్నాడు. వేళ్ల మీద లెక్క వేసింది. ఆ రోజుకి మందు పడిన తల్లుల్లో చాలావాటికి కడుపు నిలిచి పదహారో రోజు. మర్నాడు పదిహేడో రోజు. ఆలస్యంగా జతకట్టిన రెండింటికి మాత్రం అప్పటికి పన్నెండో రోజే. ఎలుక కడుపులో మగపిల్ల అవయవం తీరు దిద్దుకునేది సరిగ్గా ఆ పదహారు, పదిహేడు రోజుల ప్రాంతంలోనేనని ఎక్కడో చదివిన గుర్తు. ఆ రెండు రోజులూ మిగతా తల్లుల ఒంట్లోకి మందు వెళ్లకపోతే? ఇడ్లీలు తిన్న మనిషి అలా చేస్తాడా అని తన ఆలోచనకి తానే సిగ్గుపడింది. అయినా చెప్పులేసుకుని కాలేజీకి బయల్దేరింది.

ఉమామహేష్ ఎలుకల గదిలో బోన్లకి నీళ్ల సీసాలు తగిలిస్తున్నాడు. అసిరమ్మ ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, గ్రహణం రోజు పొద్దున్న మందు పోసినావా అని అడిగింది. పోసినానన్నాడు. మర్నాడో అంటే, మర్నాడు కూడా అన్నాడు. ఆమె అక్కడినుంచి కదల్లేదు. అతను ఇంకో రెండు సీసాలు తగిలించాడు. మూడోది తగిలించబోయి కింద పెట్టేశాడు.

“పొయ్యలేదు” అన్నాడు.

“ఎందుకూ?”

“నానైతే తినీసినాను. నా గురించి నాకు బయం లేదు. అయి కడుపుతో ఉన్నాయి కదా అసిరీ. గొంతులో గొట్టం దించబోతే సెయ్యి రాలేదు. మా యమ్మ మా సెల్లిని గదిలో పడుకోబెట్టడం గుర్తొచ్చీసినాది.”

“మర్నాడు?”

“సూర్యుడు కనబడలేదు. ఒకసారి పాటించినాక సగంలో వదిలీకూడదనిపించింది.”

అసిరమ్మకి ముందు ఒళ్లు మండిపోయింది. నెల రోజుల పని, ఇంతమంది ఆడవాళ్ల బతుకు, ఈ మహానుభావుడు మబ్బు చాటు సూర్యుడి కోసం ఆపేశాడు. ఊరందరి ముందూ ఇడ్లీలు తిని ఎలుకల చేత ఉపవాసం చేయించాడు. నాలుగు మాటలు గట్టిగానే అంది, అతను తల వంచుకుని పడ్డాడు. అయిదో మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతోందో అతనికి అర్థం కాలేదు. మందు మానేసిన రెండు రోజుల్లోనే కీలకం ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగం ఎవరూ కావాలని కూడా చేసి ఉండరు. ఆమెకి తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు.

ఇద్దరూ కలిసే రమణమూర్తి గారి దగ్గరికి వెళ్లారు. ఆయన ఉమామహేష్‌ని పది నిమిషాలు చీల్చి చెండాడారు. నీ చేతికి మళ్లీ గొట్టం ఇస్తే నన్ను తన్నాలి అన్నారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, ఊహ బాగుందమ్మా, కానీ ఊహతో కమిటీ ముందుకి వెళ్లలేం అన్నారు. మూడో విడత పెడదామన్నారు. కొన్ని తల్లులకి కడుపు నిలిచాక ఆ రెండు రోజులు తప్ప మిగతా రోజులన్నీ మందు పోయాలి. కొన్నింటికి మిగతా రోజులు మానేసి ఆ రెండు రోజులే పోయాలి. ఇంకొన్నింటికి ఎప్పుడూ ఉత్త నూనే. అసిరమ్మ మాట నిజమైతే, ఎక్కువ మందు తాగిన తల్లుల పిల్లలు బాగుండాలి, కొద్దిగా తాగిన తల్లుల పిల్లలకి తేడా రావాలి. వినడానికే తలకిందుల వ్యవహారం, కాబట్టి అలా జరిగితే ఎవరూ కాదనలేరు.

మందు పోసే పని చివరికి ఉమామహేష్‌కే వచ్చింది. అంత నేర్పుగా ఎలుకని పట్టేవాడు ఇంకొకడు లేడు. కాకపోతే రోజూ పొద్దున్నే రమణమూర్తి గారు కుర్చీ తెప్పించుకుని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఎదురుగా కూర్చునేవారు. మధ్యలో ఒకరోజు ఆయన, ఇవాళ అమావాస్య కూడా, ఏమైనా అభ్యంతరమా నాయనా అని అడిగారు. ఉమామహేష్ కిమ్మనకుండా గొట్టం దించాడు.

కమిటీని నెల రోజులు వాయిదా వేయించడానికి రమణమూర్తి గారు చాలా మాటలు పడాల్సి వచ్చింది. సన్యాసిరాజు గారు స్వీట్లు తేవడం మానేశాడు. దేవి చోట్లో కొత్త మనిషిని పెట్టేశారు. దాలయ్య ఒకసారి మేడ మెట్ల దగ్గర నిలబడి, మీ మాట మీద ఉన్నామమ్మా అని ఒక్క ముక్క అని వెళ్లిపోయాడు. అందులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉన్నా బాగుండేదని అసిరమ్మ అనుకుంది.

మూడో విడత పిల్లలు పుట్టిన పొద్దున్న అసిరమ్మ అందరికంటే ముందే ఎలుకల గదికి వచ్చింది. ఏ బోను ఏదో ఆమెకి తెలియదు. కొలిచింది, రాసింది, మళ్లీ కొలిచింది. కొన్ని బోన్లలో మగపిల్లలు ఆడపిల్లల్లా ఉన్నాయి, కొన్నింటిలో బాగున్నాయి. అంతవరకే ఆమెకి తెలిసింది. కాగితం రమణమూర్తి గారి చేతికిచ్చి గోడకానుకుని నిలబడింది. ఆయన తన దగ్గరున్న అంకెలతో ఒక్కో బోనూ సరిచూస్తూ వచ్చారు. మధ్యలో ఆగి ఆమె మొహం చూశారు. మళ్లీ మొదటినుంచి సరిచూశారు.

ఆ రెండు రోజులూ తప్ప అన్నాళ్లూ మందు తాగిన తల్లుల పిల్లలకు చీమ కుట్టినంత తేడా లేదు. రెండంటే రెండే రోజులు తాగిన తల్లుల మగపిల్లలన్నింటికీ తేడా వచ్చింది. ఒక్కటి కూడా తప్పించుకోలేదు. ఆ పిల్లల్ని చూస్తే అసిరమ్మకి జాలేసింది, అయినా గుండెల్లో పొంగిన సంతోషాన్ని ఆపుకోలేకపోయింది. రమణమూర్తి గారు లేచి నిలబడి చెయ్యి చాపారు. ఆరేళ్లలో ఆయన ఆమెతో కరచాలనం చేయడం అదే మొదటిసారి. ఉమామహేష్ వరండాలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

ఇక మిగిలింది రెండో విడత ఎందుకు తప్పిందో కమిటీకి చెప్పడం. అనివార్య కారణాల వల్ల రెండు మోతాదులు పడలేదు అని రాస్తే సరిపోదా అని ఉమామహేష్ బతిమాలాడు. సంఘంలో తల ఎత్తుకోలేనన్నాడు. అసిరమ్మ కాదనలేదు, సరేననీ అనలేదు. కారణం చెప్పకపోతే కంపెనీ ఆ విడతనే పట్టుకుని వేలాడుతుంది, ఆపైన నీ ఇష్టం అని ఊరుకుంది.

కమిటీలో హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు, ఈ రకం మందుల మీద ఆయన మాటకి విలువ ఎక్కువ. సన్యాసిరాజు గారు మొదటి వరసలో కూర్చున్నాడు. అసిరమ్మ మూడు విడతలూ వివరించింది. అనుకున్నట్టే సన్యాసిరాజు గారు లేచి, రెండో విడతలో మందు పడలేదని ఇప్పుడు చెబుతున్నారు, మాకు నమ్మకమేమిటండీ అన్నాడు. ఉమామహేష్ వెనక వరసలోంచి లేచి ముందుకొచ్చాడు.

“నానే పొయ్యలేదండి. ఆ రోజు గ్రహణం. కడుపుతో ఉన్నవాటికి మందు పొయ్యడానికి బయమేసింది. మర్నాడు సూర్యుడు కనబడక పొయ్యలేదు. బీచ్ రోడ్డు మీద ఇడ్లీలు తిన్నవాణ్ణి కూడా నానే.”

ఒక మూల నవ్వు మొదలైంది, తర్వాత అందరూ నవ్వారు. ఉమామహేష్ చెవులు ఎర్రబడ్డాయి గాని కదలకుండా నిలబడ్డాడు. నవ్వు సద్దుమణిగాక హైదరాబాదు పెద్దమనిషి గొంతు సవరించుకున్నారు. ఇలాంటి అబద్ధం ఎవరూ ఆడలేరు, కాబట్టి ఇది నిజం అన్నారు. ఈ మందు ప్రమాదమా కాదా అని మాత్రమే మిమ్మల్ని అడిగాం, ఏ రోజుల్లో ప్రమాదమో కూడా తేల్చి తెచ్చారు, ఈ అమ్మాయిది గట్టి పని అన్నారు. ఆ మాటకి అసిరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆమె దాచుకోలేదు.

సన్యాసిరాజు గారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. మనుషుల్లో అయితే ఏ రోజులమ్మా అని అడిగాడు.

“రోజులు కాదండీ, వారాలు. రెండో నెల ఆఖరునుంచి మొదలవుతాయి. చాలామంది ఆడవాళ్లు కడుపని బయటికి చెప్పకముందే.”

ఆయన మాట నిలబెట్టుకునే మనిషే. కడుపుతో ఉన్నవాళ్లు ముట్టుకోరాదని మందు అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేయిస్తానన్నాడు. పొడి గాల్లోకి లేవకుండా మూత ఉన్న యంత్రం తెప్పిస్తానన్నాడు. యంత్రం వచ్చేదాకా నింపేవాళ్లకి ముక్కు గుడ్డలు, చేతి తొడుగులు ఇస్తానన్నాడు. కడుపుతో ఉన్నవాళ్లని లేబుళ్ల గదికి మారుస్తాను, జీతం తగ్గించను, దేవిని మళ్లీ తీసుకుంటాను అని అక్కడే రాసిచ్చాడు. ఇప్పుడైతే మా షెడ్డులో అలాంటివాళ్లు ఎవరూ లేరు లెండి, ఆ దేవి ఒక్కతే అని ధీమాగా చెప్పాడు.

మర్నాడు పొద్దున్న ఆ సంగతి ఆయనే షెడ్డులో చెప్పాడు. అసిరమ్మ పక్కన నిలబడింది, ఆమె పక్కన దేవి నిలబడింది. పళ్లేల మీద పొడి తోస్తున్న చేతులు ఆగాయి. కడుపుతో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండమ్మా అని ఆయన అడిగాడు. ఎవరూ ఎత్తలేదు. చూశారా అన్నట్టు ఆయన అసిరమ్మ వైపు తిరిగాడు. ఆడవాళ్లందరూ సూపర్‌వైజరు వైపు చూస్తున్నారని అసిరమ్మ గమనించింది. దేవి ఒక అడుగు ముందుకేసింది.

“పని పోదే. నన్నే మల్లీ తీసుకున్నారు. జీతం కూడా తగ్గదంట, రాసిచ్చినారు. బయపడకండి, ఎత్తండి.”

జోగమ్మ చెయ్యెత్తింది. నాలుగు నెలలు దాటినా బిగించి కట్టిన చీరలో ఇన్నాళ్లూ ఎవరికీ తెలియనివ్వలేదు. ఆమెని చూసి గోడవారనున్న ఇంకొకతె ఎత్తింది. కిటికీ దగ్గరున్న మరొకతె ఎత్తింది. మోచేతుల దాకా తెల్లగా ఉన్న ఆ చేతుల్ని చూసి సన్యాసిరాజు గారు పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. నాకు తెలీదమ్మా అని మెల్లిగా అన్నాడు. అబద్ధం కాదు, ఆయనకి నిజంగానే తెలీదు.

అన్నిటికంటే ఆఖర్న పోతమ్మ అనే పడుచుపిల్ల చెయ్యి సగం ఎత్తి మళ్లీ దించేసింది. అసిరమ్మ ఆమె దగ్గరికి వెళ్లి, ఎన్నో నెలమ్మా అని అడిగింది.

“నెల తప్పి పది రోజులే. మా ఆయనకి కూడా సెప్పలేదింకా.”

కడుపులో బిడ్డ మగో ఆడో ఎవరికీ తెలియదు. మగబిడ్డే అయినా ఆ వారాలు ఇంకా రాలేదు, రావడానికి ఇంకా వ్యవధి ఉంది. ఇన్ని నెలల పనీ, కోపాలూ, ఎలుకల గది కంపూ, అన్నీ ఈ ఒక్క పిల్లకి వేళకి అందాయని అసిరమ్మకి తెలిసి ఒళ్లు పులకరించింది. పోతమ్మ ముందున్న పళ్లేన్ని తనే ఎత్తి పక్కకి పెట్టింది.

“ఆయనకి సెప్పు ఇయాల. లే, లేబుళ్ల గదికి పద” అంది.

పోతమ్మ లేచి నడిచింది. మిగతా ముగ్గురూ కూడా పళ్లేలు వదిలి ఆమె వెనకాల నడిచారు.